ఊరి కరెంటు ప్లాన్ ముగ్గుపిండితో మొదలుపెట్టండి

అనంతపురం జిల్లాలో ఒక ఊరి హైస్కూలు వరండా. గోడ మీద ప్రొజెక్టరు వెలుగులో ఊరి మ్యాపు. పొలాలకు పచ్చ రంగు, చెరువుకు నీలం. ఊరికి పడమర ఉన్న బీడంతా గోధుమ రంగు, దాని మీద ‘ఖాళీ భూమి’ అని అక్షరాలు. సోలార్ ప్లాంటు వచ్చేది అక్కడే అన్నారు. వెనక వరసలో గొంగడి కప్పుకుని కూర్చున్న పెద్దాయన లేచి ఒకే మాట అడిగాడు: “సార్, ఆ ఖాళీలోనే గదా మా గొర్రెలు మేసేది. యాడికి తోలుకోని పోవాల?”

ప్రొజెక్టరు దగ్గర నిలబడ్డ కుర్రాడికి జవాబు తెలియదు. ఎలా తెలుస్తుంది? ఆ మ్యాపు శాటిలైట్ ఫోటో చూసి గీసింది. అప్పటికే సర్వే రాళ్లు పాతి మూడు నెలలైంది. తర్వాత టీ, బిస్కెట్లు ఇచ్చి సంతకాలు తీసుకున్నారు. ఫైల్లో దాని పేరు ‘ప్రజాభిప్రాయ సేకరణ’. ఆ రోజు నేను కూర్చున్నది ప్రొజెక్టరు వైపే. సంతకాల కాగితం చేతుల్లో పట్టుకుని వరస వెంట తిరిగింది కూడా నేనే.

అలా కాకుండా ఎలా చేయాలో ఆ తర్వాత వేరే ఊళ్లలో నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మీరు సర్పంచో, డ్వాక్రా సంఘం లీడరో, ఊరి కోసం ఏదైనా చేద్దామనుకునే డిగ్రీ కుర్రాళ్లో, కంపెనీ తరఫున ఊళ్లో అడుగుపెట్టబోయే ఉద్యోగో ఎవరైనా కావచ్చు. పని మాత్రం ఒకటే: మ్యాపు గీయకముందే ఊరిని కూర్చోబెట్టడం.

ఒక విషయం ముందే తెలుసుకోండి. థర్మల్ కేంద్రానికో సిమెంటు ఫ్యాక్టరీకో జరిగినట్టు సోలార్, గాలిమర ప్రాజెక్టులకు పర్యావరణ బహిరంగ విచారణ జరగదు. 2006 నాటి పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ జాబితాలో అవి లేవు. కాబట్టి ఊరిని ఎవరో పిలిచి అడుగుతారని ఎదురుచూడొద్దు. అడిగించుకునే ఏర్పాటు మీరే చేసుకోవాలి.

1. వచ్చేది ఏ సోలారో ముందు తేల్చుకోండి

ఊళ్లో ‘సోలార్’ అనగానే అందరి మనసులోనూ ఒకే మాట మెదులుతుంది, బిల్లు ఉండదట అని. అసలు గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. సోలార్ మూడు రకాలు.

ఒకటి, ఇంటి మీద పెట్టుకునేది. పీఎం సూర్యఘర్ పథకంలో కేంద్రం 1 కిలోవాట్‌కు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 లేదా అంతకన్నా ఎక్కువైతే 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తుంది. ఇందులో ఊరివాళ్లు వినియోగదారులు.

రెండోది, సబ్‌స్టేషన్ దగ్గర చిన్న ప్లాంటు. పీఎం కుసుమ్ అనే కేంద్ర పథకం మొదటి భాగంలో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా రైతులు, రైతు సంఘాలు, సహకార సంఘాలు, పంచాయతీలు పెట్టుకునే వీలు కల్పించారు. ఇక్కడ ఊరే యజమాని కావచ్చు.

మూడోది, బయటివాళ్లు వచ్చి వందల ఎకరాల్లో కట్టే పార్కు. కర్నూలు దగ్గర గని, శకునాల భూముల్లో కట్టిన 1,000 మెగావాట్ల పార్కు లాంటిది. అక్కడ పుట్టిన కరెంటు పెద్ద లైన్ల మీదుగా గ్రిడ్‌కు వెళ్లిపోతుంది. కంచె పక్కనే ఇల్లున్నా మీ బిల్లు రూపాయి తగ్గదు. ఇక్కడ ఊరు భూమి ఇచ్చేది మాత్రమే.

మొదటి మీటింగులో ఈ మూడూ విడివిడిగా, కుండబద్దలు కొట్టినట్టు చెప్పండి. మీరు చెప్పకపోతే బ్రోకర్లు ఈ మూడింటినీ కలిపేసి చెబుతారు.

2. ఊరి కరెంటు లెక్క ఊరి చేతే తీయించండి

ఇందుకు ఇంజనీరు అక్కర్లేదు. ఇంటర్ చదివే పిల్లలు నలుగురు చాలు. పాతిక ఇళ్ల నుంచి ఏడాది కరెంటు బిల్లులు సేకరించండి. పెంకుటిల్లు, డాబా ఇల్లు, ఎస్సీ కాలనీ, కొత్త కాలనీ, అన్నీ ఉండాలి. పంచాయతీ నుంచి వీధి దీపాల బిల్లు, మంచినీళ్ల మోటార్ల బిల్లు తీసుకోండి. వ్యవసాయ ఫీడరుకు (బోర్లకు కరెంటు తెచ్చే లైనుకు) ఏ టైములో ఎన్ని గంటలు సప్లై ఇస్తున్నారో సబ్‌స్టేషన్‌లో రాసి ఉంటుంది. లైన్‌మన్‌ను కూర్చోబెట్టి కాఫీ ఇస్తే మీ ట్రాన్స్‌ఫార్మర్ల చరిత్ర మొత్తం చెబుతాడు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. మన ఎండకు 1 కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తాయి.

300 ఇళ్లు, ఇంటికి నెలకు 90 యూనిట్లు అనుకుంటే మొత్తం నెలకు 27,000, రోజుకు 900. దానికి 225 కిలోవాట్లు సరిపోతాయి. 7.5 హెచ్‌పీ నీళ్ల మోటార్లు రెండు, రోజుకు ఆరు గంటలు, అంటే 67 యూనిట్లు. 20 వాట్ల ఎల్‌ఈడీ వీధి దీపాలు 150 రాత్రంతా వెలిగితే 33 యూనిట్లు. రెండూ కలిపి 100 యూనిట్లు, అంటే 25 కిలోవాట్లు. కిలోవాట్‌కు పదడుగుల చదరం చోటు కావాలి కాబట్టి హైస్కూలు స్లాబు మీదే పట్టొచ్చు.

ఇక బోర్లు. 5 హెచ్‌పీ మోటార్లు 200 ఉండి, సీజనులో రోజుకు ఏడు గంటలు ఆడితే 5,200 యూనిట్లు దాటుతుంది. అంటే 1,300 కిలోవాట్లు. ఇళ్లకన్నా ఆరు రెట్లు ఎక్కువ! ఈ అంకె బోర్డు మీద రాసినప్పుడు ప్రతి ఊళ్లోనూ ఒక నిమిషం ఎవరూ మాట్లాడరు.

మొత్తం కలిపితే 1,550 కిలోవాట్లు. మెగావాట్‌కు, అంటే వెయ్యి కిలోవాట్లకు, నాలుగైదు ఎకరాలు కావాలి. అంటే ఆ ఊరి అవసరమంతా ఆరేడు ఎకరాలు, మహా అయితే ఎనిమిదెకరాల్లో తీరుతుంది. మిమ్మల్ని అడుగుతున్నది 300 ఎకరాలైతే మిగతా భూమి ఎవరి అవసరానికో ఊరివాళ్లకు విడిగా చెప్పక్కర్లేదు. నేను పార్కులు వద్దనడం లేదు. పట్నాలకూ, ఫ్యాక్టరీలకూ కరెంటు కావాలి, బొగ్గు తగ్గాలి. కానీ భూమి ఇచ్చేవాడికి తాను ఎంత ఇస్తున్నాడో తెలియాలి కదా.

ఇక్కడ ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. “మాకు బోరు కరెంటు ఉచితమే గదా, సోలార్ ఎందుకు?” న్యాయమైన ప్రశ్న. ఫీడరుకు సోలార్ పెడితే ఆదా అయ్యే డబ్బు ప్రభుత్వానికి, డిస్కంకి (కరెంటు పంపిణీ సంస్థకి). రైతుకు దక్కేది పగటిపూట నమ్మకంగా వచ్చే త్రీఫేజ్. అర్ధరాత్రి పొలానికి వెళ్లే బాధ ఉన్న ఊళ్లో అది పెద్ద లాభమే. పగలు సప్లై బాగానే వస్తున్న ఊళ్లో అది లాభమే కాదు. లేని ఆదా ఉందని ఆశ పెట్టొద్దు.

3. ముగ్గుపిండితో మ్యాపు

ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన పని, తొందర పడొద్దు. స్కూలు ఆవరణో, రామాలయం ముందున్న ఖాళీనో చూసుకుని కల్లాపి చల్లించండి. ముగ్గుపిండి డబ్బా మీరు పట్టుకోకండి. మీ చేతిలో డబ్బా ఉంటే అది మీ మ్యాపే అవుతుంది. ఒక పెద్దావిడకు ఇచ్చి “అమ్మా, ముందు మీ ఇల్లెక్కడో గీయండి” అనండి. ఇంటి నుంచి బావి, బావి నుంచి చెరువు, చెరువు నుంచి వంక. పావుగంటలో పదిమంది వంగి గీస్తుంటారు. “వంక అట్ల తిరగదత్తా, చింతచెట్టు కాడ మళ్లుద్ది” అని ఒకరినొకరు దిద్దుకుంటారు. చెరిపి మళ్లీ గీసుకోవడం కాగితం మీద కన్నా నేల మీద తేలిక. పైగా చదువు రానివాళ్లు కూడా వెనక్కి తగ్గరు.

ఊరి రూపం వచ్చాక అడగాల్సినవి ఇవి. గొర్రెలు, మేకలు ఏ దారిన పోతాయి, ఏ నెలలో ఎక్కడ మేస్తాయి? కట్టెలు, చీపురు పుల్లలు, సీతాఫలాలు ఎక్కడి నుంచి తెస్తారు? వానొస్తే నీళ్లు ఏ వైపు నుంచి చెరువులోకి దిగుతాయి? శ్మశానం, దేవర గుడి ఎక్కడ? రికార్డులో ఒకరి పేరుండి ఇంకొకరు దున్నుతున్న చేను ఏది? వేపాకు పెట్టి మేత, ఇటుక ముక్క పెట్టి గుడి, పసుపు చల్లి అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చినది) గుర్తు పెట్టండి.

నీళ్ల దారి విషయం చాలామంది మర్చిపోతారు. ప్లాంటు కోసం నేల చదును చేసి, వాగుకు అడ్డంగా కంచె కట్టాక చెరువుకు నీళ్లు రావడం తగ్గితే, ఆ నష్టం ఏ ఒప్పందంలోనూ కనిపించదు. ప్యానెళ్లు కడగడానికి నీళ్లు ఎక్కడివి అన్నది కూడా ఇప్పుడే అడగాలి. మన బోరు పక్కన వాళ్ల బోరు పడ్డాక అడిగి లాభం లేదు.

అందరినీ ఒకే రోజు పిలవకండి. మొదటి మీటింగుకి వచ్చేది పట్టాలున్న రైతులు, పార్టీల నాయకులు. ముందు వరసలో వాళ్లుంటే వెనక వాళ్లు నోరు విప్పరు. కూలీ ఆడవాళ్లను ఉపాధి హామీ పని దగ్గరే కలవండి, పది గంటలకు సద్దులు విప్పుకునే వేళ. గొర్రెల కాపరులు చీకటి పడ్డాకే దొరుకుతారు, మంద దగ్గరికే వెళ్లాలి. కౌలు రైతులు భూమి యజమాని ముందు నిజం చెప్పలేరు, విడిగా మాట్లాడాలి. వలస పోయినవాళ్లకు భూమి ఉంటే బెంగళూరుకో హైదరాబాదుకో ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టండి.

మ్యాపు పూర్తయ్యాక ఎవరినైనా డాబా ఎక్కించి ఫోటో తీయించండి. దాన్ని పెద్ద చార్టు మీదకు ఎక్కించి, కింద తేదీ వేసి, గీసినవాళ్ల పేర్లు రాయండి. రేపు ఎవరైనా ‘ఖాళీ భూమి’ అంటే చూపించడానికి మీ దగ్గర ఇది ఉంటుంది.

4. మూడు దారులు చూపించి, చింతగింజలు పంచండి

ఒకే ప్రతిపాదన పెట్టి “సరేనా?” అని అడిగితే అది అడగడం కాదు. కనీసం మూడు పెట్టండి. ఉదాహరణకు: ఒకటి, ముందు పంచాయతీ భవనాలు, నీళ్ల మోటార్లకు మాత్రమే సోలార్; రెండు, సబ్‌స్టేషన్ దగ్గర సంఘం పేరుతో 1 మెగావాట్ ప్లాంటు; మూడు, బీడు భూమిలో కొంత పార్కుకు లీజు. ఒక్కోదానికి ఖర్చెంత, అప్పెంత, ఏడాదికి వచ్చేదెంత, పోయేదేమిటి అన్నది ఒక్కో చార్టు మీద. ప్రతి మనిషికీ ఐదు చింతగింజలు ఇచ్చి నచ్చిన దాని ముందు పెట్టమనండి. ఐదూ ఒకేదానికి పెట్టొచ్చు, పంచొచ్చు. ఆడవాళ్లకు నల్ల గింజలు, మగవాళ్లకు సున్నం రాసిన గింజలు ఇస్తే ఎవరి మనసు ఎటుందో తెలుస్తుంది. చాలాసార్లు ఇద్దరి మనసూ ఒకటి కాదు.

అడగకుండా మంచి చేయబోతే ఏమవుతుందో బిహార్‌లోని ధర్నాయి చెబుతుంది. 2014లో ఒక పర్యావరణ సంస్థ అక్కడ 100 కిలోవాట్ల సోలార్ మైక్రోగ్రిడ్ పెట్టింది. 450 ఇళ్లకు వెలుగు. మాజీ ముఖ్యమంత్రి వస్తే ఊరివాళ్లు అడిగింది మాత్రం ‘అసలు కరెంటు’. టీవీ, ఫ్రిజ్ నడపడానికి ఆ సోలార్ చాలలేదు. కొద్ది రోజులకే తక్కువ రేటుకు గ్రిడ్ కరెంటు వచ్చింది. కొన్నేళ్లకు ఆ ప్లాంటు ఆవరణ పశువుల కొట్టమైంది. బల్బు చాలా, ఫ్రిజ్ కావాలా అన్న ఒక్క ప్రశ్నకు ముందే జవాబు దొరికి ఉంటే ఆ ప్లాన్ వేరేలా ఉండేది.

బాగా నడిచినవీ ఉన్నాయి. కోయంబత్తూరు జిల్లా ఓడందురై పంచాయతీ 2006లో బ్యాంకు లోను తీసుకుని సొంతంగా 350 కిలోవాట్ల గాలిమర కొనుక్కుంది. మిగిలిన కరెంటు బోర్డుకు అమ్మింది. గుజరాత్‌లోని ఢుండిలో ఆరుగురు రైతులు సోలార్ పంపుల సహకార సంఘం పెట్టుకుని, నీళ్లు తోడగా మిగిలింది గ్రిడ్‌కు అమ్మారు. వాళ్లు అంతకుముందు డీజిల్‌కు డబ్బు పోసేవాళ్లు, అందుకే లెక్క కుదిరింది. మన ఉచిత కరెంటు ఊళ్లకు ఆ లెక్కను ఉన్నదున్నట్టు ఎత్తుకొస్తే కుదరదు. తెలంగాణలో మహిళా సంఘాల చేత 1,000 మెగావాట్ల సోలార్ ప్లాంట్లు పెట్టించాలని ప్రభుత్వం కార్యక్రమం తీసుకుంది. మీది తెలంగాణ ఊరైతే మీ మండల సమాఖ్య దగ్గర ముందు ఆ సంగతి కనుక్కోండి.

5. లీజు అయితే, పావగడ లెక్క చూసి కూర్చోండి

మడకశిరకు ఆనుకుని ఉన్న కర్ణాటక తాలూకా పావగడ. అక్కడ తెలుగు బాగా వినిపిస్తుంది, బంధుత్వాలు కూడా ఇటువైపే. అక్కడ దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు ఉంది. భూమి కొనలేదు, రైతుల నుంచి ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలకు లీజుకు తీసుకున్నారు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. కరువు నేలలో ఏమీ పండని రైతుకు అది నిఖార్సయిన ఆదాయం. భూమి చేతిలోంచి పోలేదు. మన దగ్గర కొనేసిన చాలా చోట్లకన్నా అది మెరుగు.

అయినా కాలిక్యులేటర్ తీయండి. 24 ఏళ్లకు ఆ 21,000 కాస్తా 37,700 అవుతుంది. ఈలోపు ధరలు ఏటా 5 శాతం పెరిగితే, ఇవాళ్టి 21,000 విలువ నిలవాలంటే అప్పటికి 67,700 రావాలి. రెండేళ్లకోసారి అన్న చిన్న మాటలో అంత తేడా ఉంది. ఏటా పెంపు అడగండి. కుదరదంటే మొదటి రేటు దగ్గర గట్టిగా నిలబడండి.

ఇంకో సంగతి. లీజు డబ్బు భూమి ఉన్నవాడికే వస్తుంది. ఆ భూమిలో కలుపు తీసిన కూలీకి, మేపుకున్న కాపరికి రాదు. పావగడలో భూమి లేనివాళ్ల గోడు ఇదే. మన ఎన్‌పీ కుంట పార్కు దగ్గర కూడా గొడవలన్నీ పరిహారం మీద, అసైన్డ్ భూముల మీదే నడిచాయి. అందుకే ఒప్పందంలో ఇవి పట్టుబట్టి రాయించండి: ఎకరాకు ఇంత చొప్పున ఊరి నిధికి వేరే మొత్తం, భూమి లేని కుటుంబాలకు గడ్డి కోత, ప్యానెళ్ల శుభ్రం, కాపలా పనుల్లో ఎన్ని ఉద్యోగాలో అంకెతో సహా, ‘స్థానికులకు ప్రాధాన్యం’ అన్న మాట ఒప్పుకోవద్దు, దానికి అర్థం ఏమీ లేదు. గొర్రెల దారి వెడల్పు అడుగుల్లో. లీజు ఆలస్యమైతే వడ్డీ. కంపెనీ చేతులు మారితే ఒప్పందం ఏమవుతుంది. గడువు తీరాక ప్యానెళ్లు, కాంక్రీటు దిమ్మెలు ఎవరి ఖర్చుతో తీస్తారు. సంతకానికి ముందు మీ వకీలుకు చూపించండి, కంపెనీ తెచ్చిన వకీలుకు కాదు.

6. రిపేరు ఎవరిది?

ఊరి సొంత ప్లాంటు అయితే ప్రారంభోత్సవం రోజునే ఈ ప్రశ్న తేలి ఉండాలి. ప్యానెళ్లు పాతికేళ్లు పనిచేస్తాయి, ఇన్వర్టరు ఎనిమిది పదేళ్లకు మార్చాలి. అప్పటికి సర్పంచి మారిపోయి ఉంటారు. ఆదాయంలో కొంత ప్రతి నెలా వేరే ఖాతాలో వేసి, ఆ ఖాతాకు సర్పంచితో పాటు గ్రామ సమాఖ్య అధ్యక్షురాలి సంతకం కూడా తప్పనిసరి చేయండి. ఇద్దరు పిల్లలకు ఐటీఐ స్థాయి ట్రైనింగ్ ఇప్పించండి, ఒకరు ఉద్యోగమొచ్చి వెళ్లిపోతారు కాబట్టి ఇద్దరు. దుమ్ము పట్టిన ప్యానెల్ కరెంటు తగ్గిస్తుందని అందరికీ తెలుసు, కానీ ఎవరి వంతో గోడ మీద రాసి లేకపోతే ఎవరూ తుడవరు.

7. గ్రామసభలో తీర్మానం, ఆ తర్వాత కాగితాలు

ముగ్గు చెరిగిపోతుంది, తీర్మానం నిలుస్తుంది. అక్టోబరు 2 నుంచి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక కోసం గ్రామసభలు జరుగుతాయి. మీ ప్లాన్ అందులో చేరితే పంచాయతీ నిధులకూ, పథకాలకూ దారి దొరుకుతుంది. సభకు వారం ముందు చాటింపు వేయించండి, వాట్సాప్ గ్రూపులో పెట్టి ఊరుకోవద్దు. మినిట్స్ పుస్తకంలో ఏమి రాశారో సభ ముగిసేలోపే పైకి చదివించండి. కోరం సంతకాల కింద ఖాళీ గీతలు వదలనివ్వకండి, తర్వాత అక్కడ ఏ పేర్లు వస్తాయో చెప్పలేం. ఫోటో తీసుకుని, కాపీలు ఎంపీడీవోకు, డిస్కం ఏఈకి, సోలార్ పనులు చూసే ప్రభుత్వ సంస్థకు (ఏపీలో నెడ్‌క్యాప్, తెలంగాణలో రెడ్‌కో) పంపి రశీదు తీసుకోండి.

ప్రైవేటు కంపెనీ కోసం ప్రభుత్వం భూసేకరణ చేస్తే 2013 చట్టం ప్రకారం 80 శాతం బాధిత కుటుంబాల సమ్మతి కావాలి, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం. రెండు రాష్ట్రాలూ ఆ చట్టానికి సవరణలు చేసుకున్నాయి కాబట్టి మీ కేసుకు ఏది వర్తిస్తుందో వకీలును అడగండి. ఏజెన్సీ ఊళ్లయితే పీసా చట్టం (గిరిజన ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చేది), అటవీ హక్కుల చట్టం ఉన్నాయి, గ్రామసభ మాటకు అక్కడ బలం ఎక్కువ. అల్లూరి జిల్లాలో పంప్డ్ స్టోరేజ్ (నీళ్లు పైకి ఎత్తి, మళ్లీ కిందికి వదిలి కరెంటు తీసే) ప్రాజెక్టుల మీద గిరిజన గ్రామాలు చేసిన తీర్మానాలు అలాంటివే.

చాలామందికి తెలియని ఇంకో వేదిక విద్యుత్ నియంత్రణ మండలి. డిస్కంలు ఏటా తమ ఖర్చుల లెక్కలు అక్కడ దాఖలు చేస్తాయి, మండలి బహిరంగ విచారణ పెడుతుంది. ఎవరైనా తెలుగులో అభ్యంతరం రాసి పంపొచ్చు, వెళ్లి మాట్లాడొచ్చు. మీ ఫీడరు లెక్కలు చేతిలో పట్టుకుని వెళ్తే, ‘మా ఊళ్లో కరెంటు బాగోలేదు’ అనేవాళ్లకన్నా మీ మాట ఎక్కువసేపు వింటారు.

8. మొదటి మీటింగుకి సామాను

రెండు కిలోల ముగ్గుపిండి. పసుపు. కిలో చింతగింజలు, సగానికి సున్నం రాసినవి. నాలుగు చార్టులు, స్కెచ్ పెన్నులు. పాతిక ఇళ్ల కరెంటు బిల్లులు. ఊరి గ్రామపటం ఒకటి, రెవెన్యూ ఆఫీసు నుంచి. పిల్లల్ని చూసుకోవడానికి అంగన్‌వాడీ ఆయమ్మను ఒక పూట అడగండి, తల్లులు కుదురుగా కూర్చుంటారు. టీ చివర్లో కాదు, మధ్యలో ఇవ్వండి. చివర్లో ఇస్తే తాగి వెళ్లిపోతారు, మధ్యలో ఇస్తే గ్లాసు చేత్తో పట్టుకుని మ్యాపు చుట్టూ నిలబడి అసలు మాటలు అప్పుడే మాట్లాడతారు. సంతకాల కాగితం ఆ రోజు తీసుకెళ్లకండి.